నాదమందిర నిర్మాత: వాలెస్ సేబిన్

పాశ్చాత్య వాద్యబృందముల కచేరీలకై వెలసిన మందిరములలో అమెరికాలోని బోస్టన్ నగరపు సింఫనీ హాలు మిగుల ప్రసిద్ధి గాంచినది. సుమారు 2,600 మంది కూర్చుండగల ఆ మందిరమున, తుదివరుసలోని శ్రోతకు గూడ ఒంటరి వయొలిన్ పలుకు యంత్రసహాయము లేకయే చేరును. ఈ సిద్ధికి మూలపురుషుడు సంగీత విద్వాంసుడు గాడు; భౌతికశాస్త్రమును బోధించు ఉపాధ్యాయుడు. ఆయన పేరు వాలెస్ క్లెమెంట్ సేబిన్.

సేబిన్ ఒహాయో రాష్ట్రమందలి రిచ్‌వుడ్ అను చిన్న ఊరిలో 1868 జూన్ 13వ తేదీన జన్మించెను. పదునెనిమిదవ యేటనే పట్టభద్రుడై, హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, 1888లో ఎం.ఏ. పట్టమునంది, పిదప అచటనే అధ్యాపకుడయ్యెను. డాక్టరేటు పట్టము ఆయనకు లేదు.

1895లో హార్వర్డునందు ఫాగ్ కళాప్రదర్శనశాల నూతనముగా వెలసెను. భవనము చూడముచ్చటయైనదే, కాని అందలి ఉపన్యాసశాలలో మాట బోధపడదయ్యెను. పలికిన అక్షరము గోడలను మరల మరల తాకి ఐదు సెకనులకు పైగా వినబడుచు, తరువాతి పన్నెండు, పదునైదు అక్షరములతో కలగాపులగమగుచుండెను. ఇట్లు ధ్వని నిలిచియుండుటకే అనురణనమని పేరు. ఈ లోపమును సవరింపుమని విశ్వవిద్యాలయాధ్యక్షుడు చార్లెస్ ఎలియట్, ఇరువదియేడేండ్ల సేబినును కోరెను. ఏ శాలలో ధ్వని ఎంతసేపు నిలుచునో కట్టుటకు ముందే లెక్కించి చెప్పగల శాస్త్రము నాటికి లేదు.

పగలు వీథులలో రొద మెండు. కావున సేబిన్ అర్ధరాత్రి దాటినపిమ్మట పరిశోధన సాగించెను. ఒక ఆర్గన్ గొట్టము, కాలమును కొలుచు పరికరము, తన చెవి: ఇవియే ఆయన సాధనములు. చక్కగా వినబడునని పేరుగన్న సాండర్స్ నాటకశాలనుండి ఆసనముల మెత్తలను మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా పరచుచు, ధ్వని ఎంతలో అణగునో కొలుచుచుండెను. తెల్లవారుసరికి మెత్తలన్నియు యథాస్థానమునకు చేరవలెను. తాను ధరించిన దుస్తులు సైతము ధ్వనిని పీల్చి ఫలితమును మార్చుచున్నవని గ్రహించినంతనే, నెలల తరబడి సేకరించిన కొలతలను త్రోసిపుచ్చి, నాటినుండి ఒకే విధమగు దుస్తులు ధరించి పని మరల మొదలిడెను. విద్యార్థులు మరువరాని ఘట్టమిది.

ఆ రాత్రుల శ్రమ రెండు సత్యములను వెలికి తెచ్చెను. శాల వైశాల్యము, ఎత్తు పెరిగినకొలది ధ్వని నిలుచు కాలము పెరుగును. తెరలు, మెత్తలు, మనుష్యులు ధ్వనిని పీల్చినకొలది తగ్గును. ఇది మొదటిది. గొట్టముల సంఖ్య పెంచి ధ్వనితీవ్రతను హెచ్చించినచో, వెనుక మిగులు శేషధ్వని గూడ మరింతసేపు వినబడును. ఇది రెండవది. అనగా, మారుమ్రోగు శాలలో గొంతు పెంచిన మాత్రమున మాట తేటపడదు. ఫాగ్ శాల గోడలకు ధ్వనిని పీల్చు నమదా అమర్చి, సేబిన్ దానిని వాడుకకు తెచ్చెను.

బోస్టన్ వాద్యబృందమును 1881లో స్థాపించిన హెన్రీ లీ హిగిన్సన్, క్రొత్త మందిర నిర్మాణమునకు 1898లో ఈతని సాయము నర్థించెను. సేబిన్ తొలుత వెనుదీసెను. ఆ యేడు అక్టోబరు 29వ తేదీ రాత్రి, తన కొలతలన్నియు అతిపరావలయ రేఖపై అమరుచున్నవని స్ఫురింపగా, ధైర్యము వహించి అంగీకరించెను. మెకిమ్, మీడ్ అండ్ వైట్ అను వాస్తుశిల్పుల సంస్థ ఆయన లెక్కల తోడ్పాటుతో ఇరుకై పొడవైన మందిరమును నిర్మించెను. 1900 అక్టోబరు 15వ తేదీన అది ప్రారంభమయ్యెను. కొందరు విమర్శకులు తొలినాళ్లలో పెదవి విరిచిరి. నేడు వియన్నా, ఆమ్‌స్టర్‌డామ్ మందిరముల సరసన దాని నెన్నుదురు. శ్రోతలతో నిండినపుడు అందు అనురణనము సుమారు 1.9 సెకనులు.

ప్రథమ ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వకార్యములలో మునిగి, మూత్రపిండవ్యాధికి వలసిన శస్త్రచికిత్సను వాయిదా వేయుచు వచ్చిన సేబిన్ 1919 జనవరి 10వ తేదీన ఏబదవ యేట కన్నుమూసెను.

విద్యుత్తుతో ధ్వనిని పెంచు యుగము ఆయన తుదినాళ్లలోనే పొడసూపెను. 1925లో రైస్, కెలాగ్ అనువారు రూపొందించిన లౌడ్‌స్పీకరు దానికి బలమిచ్చెను. అది మేలు చేయలేదనరాదు. 1939లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందమున చేరిన చార్లీ క్రిస్టియన్ గిటారు, విద్యుత్తు వలననే క్లారినెట్టు సరసన తలయెత్తి పలికెను. కాని సహజముగనే మిన్నుముట్టు బాకాలకు, డ్రమ్ములకు సైతము మైకులు పెట్టి, మితిమీరిన ధ్వనితో మందిరములను నింపు కచేరీలు నేడు పెక్కు గలవు. వాద్యముల నాదమును పోషించు 1.9 సెకనుల అనురణనమే అట్టి హోరును అడుసుగ మార్చును. మంద్రస్వరములు ఒకదానిపై నొకటి పేరుకొని, వాద్యభేదము మాసిపోవును. చెవికి కలుగు హాని వేరు: వినోదస్థలములలో 15 నిమిషముల సగటు ధ్వని 100 డెసిబెల్లులు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో ప్రమాణము నిర్ణయించెను.

శాస్త్రలోకము సేబిన్ పేరు నొక కొలమానమునకు పెట్టి గౌరవించినది. వస్తువు ధ్వనిని ఎంత పీల్చుకొనునో తెలుపు ప్రమాణమునకు సేబిన్ అని పేరు. నాదమునకు మందిరము గట్టిన మహనీయుని నామము, ధ్వనిని అణచు గుణమునకే చెల్లినది.