కానూరి లక్ష్మణరావు

బెజవాడనుండి బందరు పోవు బాటలో కంకిపాడు కలదు. 1902వ సంవత్సరము జూలై 15వ తేదీన లక్ష్మణరావుగారు ఆ గ్రామమున జన్మించిరి. తొమ్మిదవ యేట తండ్రిని కోల్పోయిరి. బడిలో ఆడుకొనుచుండగా తగిలిన దెబ్బవలన ఒక కంటి చూపు పోయెను. అయినను చదువు మానలేదు. చెన్నపట్టణమున గిండీ కళాశాలలో ఇంజనీరై, పిదప ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిరి. నాగార్జునసాగరపు ఆనకట్ట రూపకల్పనలో వారి చేయి కలదు. 1962లో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికై, మరుసటి యేడు కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖకు మంత్రియైరి.

ఆ కాలమున చాలవరకు ఏ రాష్ట్రపు విద్యుత్తు ఆ రాష్ట్రమునకే. ఒకచోట మిగులు, వేరొకచోట కొరత. వారు మంత్రిగా నుండగనే, 1964లో, దేశమున అయిదు ప్రాంతీయ విద్యుత్ మండలులు ఏర్పడెను. పొరుగు రాష్ట్రముల తీగలు కలియసాగెను.

కలయికలో మేలుతోపాటు ఒక ప్రమాదమును కలదు. గుడివాడ, బందరు పల్లెల బాలురు దీనిని ఇట్టే గ్రహింపగలరు. కాలువకట్టకు గండిపడినచో ఆ కాలువ నీరే కాక, దానితో కలిసిన కాలువల నీరెల్ల ఆ వైపే ఉరుకును. లస్కరు పరుగున పోయి ఎగువ తలుపులు దించును. విద్యుత్తు తీరును ఇట్టిదే. గాలివానకు రెండు తీగలు ఒండొంటిని తాకినచో, కలిసియున్న కేంద్రములన్నిటి ప్రవాహము అచ్చటికే దూకును. ఎన్ని కేంద్రములు కలిసిన అంత ఉధృతి. తీగలు కరగును, ట్రాన్స్‌ఫార్మరులు చెడును. సర్క్యూట్ బ్రేకరు తలుపువంటిదే కాని, తన శక్తికి మించిన ప్రవాహమును అది త్రెంపజాలదు. అందుచే కొన్నిచోట్ల రియాక్టరు అను పెద్ద తీగచుట్టను మార్గమధ్యమున నుంచి ఆ ఉధృతిని తగ్గింతురు. మామూలు వేళలందును అది కొంత వోల్టేజిని హరించును. ఆ నష్టమునకు ఓర్చుకొనవలసినదే.

విద్యుచ్ఛక్తి మంత్రియైనను వారి మనస్సు నీటిమీదనే నిలిచెనని తోచును. గంగను కావేరితో కలుపవలెనని 1972లో ప్రతిపాదించిరి. వ్యయమును, నీటిని ఎత్తిపోయుటకు వలయు విద్యుత్తును మిక్కిలి యగుటచే అది సాగలేదు. 1973లో మంత్రిపదవి వీడిరి. 1986 మే నెలలో మరణించిరి.

2013 డిసెంబరు 31న దక్షిణ భారత విద్యుత్ జాలము దేశపు తక్కిన జాలముతో కలిసెను. ఆ యేడే ప్రకాశం బరాజునకు ఎగువన, దివిసీమ మొదలగు డెల్టా భూములకు సకాలమున నీరందించుటకై కట్టిన పులిచింతల ప్రాజెక్టు ప్రారంభమయ్యెను. దానికి లక్ష్మణరావుగారి పేరే పెట్టిరి.