తొలి చిత్రం పుట్టిన ఇల్లు

వెండితెర మీద బొమ్మలు కదలటం నేడు పసిపిల్లలకు సైతం వింత కాదు. కాని మన దేశంలో ఒక పురాణకథను మొట్టమొదట తెర కెక్కించటానికి ఒక సంసారం తన నగా నట్రా, నిద్రాహారాలు, మనశ్శాంతి అన్నీ పణంగా ఒడ్డవలసి వచ్చింది. అది దాదాసాహెబ్ ఫాల్కే సంసారం.

ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే 1870 ఏప్రిల్ 30న నాసిక్ సమీపంలోని త్ర్యంబకంలో జన్మించాడు. తండ్రి సంస్కృత పండితుడు. ఆయనకు బొంబాయి విల్సన్ కళాశాలలో ఉద్యోగం లభించగా కుటుంబం ఆ నగరానికి తరలింది. ఫాల్కే 1885లో జె.జె. కళాపాఠశాలలో చేరి, తరువాత బరోడా కళాభవనంలో చిత్రలేఖనం, ఫొటోగ్రఫీ అభ్యసించాడు. గోధ్రాలో ఫొటో స్టూడియో పెట్టుకొన్నాడు గాని, ప్లేగు ఆయన మొదటి భార్యను, బిడ్డను పొట్టన పెట్టుకొన్నది. 1902లో సరస్వతీబాయిని వివాహమాడాడు. కొంతకాలం పురావస్తు శాఖలో కొలువు చేసి, స్వదేశీ ఉద్యమ దినాలలో దానిని వదలి, ముద్రణాలయం స్థాపించి పేరు గడించాడు. భాగస్వామితో పొసగక దాని నుంచీ తప్పుకొన్నాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు. ఇంటి నిండా పిల్లలు. చేతిలో పని లేదు.

ఆ సమయంలోనే బొంబాయిలో క్రీస్తు జీవితాన్ని చూపే విదేశీ చిత్ర మొకటి ఆయన కంట పడింది. తెర మీద క్రీస్తు నడుస్తూ ఉంటే ఫాల్కే మనస్సులో కృష్ణుడు, రాముడు నడయాడారు. మరునాడే భార్యను వెంటబెట్టుకొని పోయి ఆ చిత్రం చూపించాడు. మన దేవతలను ఇట్లే తెర మీద చూపాలన్న సంకల్పం ఆనాడే స్థిరపడింది.

సంకల్పం సులభం, సాధన కఠినం. పగలు సినిమాలు చూడటం, రాత్రులు పరికరాలతో ప్రయోగాలు చేయటం, మూడు గంటలకు మించని నిద్ర. ఫలితంగా ఆయన చూపు మందగించి, కొంతకాలం లోకమే చీకటి అయింది. వైద్యం వల్ల చూపు తిరిగి రాగానే జీవిత బీమా పత్రం కుదువబెట్టి, 1912 ఫిబ్రవరిలో లండనుకు ఓడ ఎక్కాడు. అక్కడ ఒక సినిమా పత్రిక సంపాదకుని పరిచయంతో సెసిల్ హెప్‌వర్త్ స్టూడియోలో పని తీరు గమనించి, విలియంసన్ కెమెరా, ఫిల్ముకు రంధ్రాలు వేసే యంత్రం సమకూర్చుకొని, ఏప్రిల్ నాటికి తిరిగి వచ్చాడు.

పెట్టుబడి పెట్టేవారికి నమ్మకం కలిగించటానికి ఆయన ఎన్నుకొన్న నటి ఒక బఠాణీ మొక్క. కుండీ ఎదుట కెమెరా నిలిపి, దినదినమూ కొద్దికొద్దిగా చిత్రిస్తూ పోయాడు. నెలరోజుల ఎదుగుదల తెర మీద క్షణాలలో జరిగిపోయింది. చూచినవారు విస్తుపోయారు, అప్పు పుట్టింది. అది చాలకపోగా సరస్వతీబాయి తన నగలను తాకట్టుకు ఇచ్చింది.

దాదరులోని వారి ఇల్లే స్టూడియో అయింది. రంధ్రాలు లేకుండా వచ్చే ముడి ఫిల్ముకు, వెలుతురు సోకని చీకటిగదిలో కూర్చుండి, అంచుల వెంట రంధ్రాలు వేసినది సరస్వతీబాయి. రాత్రివేళ ఫిల్ము కడగటంలో ఆమెదే ముఖ్యహస్తం. చిత్రీకరణ సాగేటప్పుడు ఎండను పాత్రధారుల ముఖాల మీదికి మళ్ళించటానికి తెల్లని దుప్పటి పట్టుకొని గంటల తరబడి నిలుచున్నదీ ఆమెయే. ఇంతటి పని నడుమ, అరవై డెబ్బదిమంది బృందానికి వంట వండి వడ్డించింది.

నటీనటుల సమస్య మరొకటి. చిత్రంలో నటించటం అప్పట్లో పరువు తక్కువ. అందుచేత పాత్రధారులు అడిగినవారికి ఫ్యాక్టరీలో పని అని చెప్పుకొనేవారు. తారామతి వేషానికి స్త్రీలెవరూ ముందుకు రాలేదు. వేశ్యలు సైతం నిరాకరించారు. చివరకు ఒక భోజనశాలలో పని చేస్తున్న సాలుంకే అనే సుకుమారుడైన యువకుడు కుదిరాడు. తండ్రి బ్రతికి ఉండగా మీసం తీయటం అశుభమని అతడు మొరాయించగా, తండ్రినే ఒప్పించవలసి వచ్చింది. రోహితుడుగా ఫాల్కే కుమారుడు భాలచంద్ర నటించాడు. ఆరుబయలు దృశ్యాలు తీస్తున్న గ్రామంలో ఆ బాలుడు ఆటలో పడి తలకు దెబ్బ తగిలించుకోగా, స్పృహ లేని ఆ స్థితిలోనే రోహితుని మరణదృశ్యం చిత్రించారని చెబుతారు. తండ్రికి, దర్శకునికి మధ్య ఆ ఘడియలో ఎంత సంఘర్షణ జరిగి ఉంటుందో ఊహించుకోవలసినదే. కత్తులతో తిరిగే వేషధారులను దోపిడీదొంగ లనుకొని పోలీసులు పట్టుకోగా, ఫాల్కే కెమెరా చూపి విడిపించుకొన్న కథ కూడ కలదు.

ఇట్లు ఏడు నెలలకు కొంచెం తక్కువ వ్యవధిలో సుమారు 3,700 అడుగుల 'రాజా హరిశ్చంద్ర' సిద్ధమైనది. 1913 మే 3న బొంబాయి కారొనేషన్ థియేటరులో ప్రజల ఎదుటకు వచ్చింది. మన దేశపు తొలి పూర్తి నిడివి కథాచిత్రంగా చరిత్ర దానిని గుర్తించింది. అదే సంవత్సరం 'మోహినీ భస్మాసుర'లో దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించటంతో స్త్రీ పాత్రకు స్త్రీయే లభించింది. 1917లో వచ్చిన 'లంకాదహనం'లో రాముడూ సీతా కూడ సాలుంకేయే. ఆ చిత్రం మదరాసులో వసూలు చేసిన చిల్లరను ఎద్దుబండ్ల మీద, పోలీసు కాపలాతో తరలించారని ప్రతీతి. 1919లో 'కాళీయమర్దనం'లో చిన్నికృష్ణుడుగా ఫాల్కే కుమార్తె మందాకిని ప్రేక్షకులను ముగ్ధులను చేసింది.

ఐశ్వర్యం వచ్చినా నిలువలేదు. వాటాదారులతో అభిప్రాయభేదాలు వచ్చి, విరక్తుడై కొంతకాలం కాశీ వెళ్ళి నాటకం వ్రాసుకొన్నాడు. తిరిగి వచ్చి చిత్రాలు తీశాడు గాని, 1931లో 'ఆలం ఆరా'తో తెరకు మాట వచ్చింది. మూగచిత్రాలను పలికించిన మనిషికి మాటల యుగం అచ్చిరాలేదు. ఆయన మొదటి నుంచీ శబ్దచిత్రంగా తీసినది 1937 నాటి 'గంగావతరణం' ఒక్కటే. అదే ఆయన చివరి చిత్రం. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో కన్ను మూశాడు.

చలనచిత్ర రంగంలో అత్యున్నత పురస్కారాన్ని 1969లో భారత ప్రభుత్వం ఆయన పేరిట నెలకొల్పింది. తెలుగువారిలో బి.ఎన్. రెడ్డి, పైడి జైరాజ్, ఎల్.వి. ప్రసాద్ మొదలైనవారు దానిని అందుకొన్నారు. ఆ పురస్కారం మాట వచ్చినప్పుడెల్లా, చీకటిగదిలో ఫిల్ముకు రంధ్రాలు వేసి, ఎండలో దుప్పటి పట్టి, పొయ్యి ఆరకుండ చూచిన ఇల్లాలిని కూడ తలచుకోవటం న్యాయం. ఒక మహాకార్యం వెనుక పేరు ఒక్కటే నిలిచినా, చేతులు పెక్కు ఉంటాయి.