ప్రోటీన్లకు అక్షరాలు దిద్దించిన మార్గరెట్

పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ ఉద్యోగంలో చేరదామనుకునే ఆడవాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న తెలిసిందే. ఇన్నేళ్లూ ఏం చేశారని! కంప్యూటర్ సాయంతో జీవశాస్త్రాన్ని చదివే విద్యకు తల్లి అనిపించుకున్న మార్గరెట్ డేహాఫ్‌కూ ఆ ప్రశ్న తప్పలేదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1925లో పుట్టింది. తల్లి హైస్కూల్లో లెక్కల టీచరు. పదేళ్లప్పుడు కుటుంబం న్యూయార్క్ వచ్చేసింది. స్కాలర్‌షిప్‌తో లెక్కల్లో డిగ్రీ చేసి, 1948లో కొలంబియా యూనివర్సిటీ నుంచి క్వాంటం కెమిస్ట్రీలో డాక్టరేట్ తీసుకుంది. అట్టముక్కలకు చిల్లులు పొడిచి యంత్రానికి అందించే రోజులవి. వ్యాపార లెక్కల కోసం తయారైన ఆ పంచ్‌కార్డు యంత్రాలతోనే ఆమె అణువుల శక్తిని లెక్కగట్టింది. అదే ఏడు ఎడ్వర్డ్ డేహాఫ్‌తో పెళ్లి. తర్వాత రూత్, జుడిత్ అని ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ల పెంపకంలో కొన్నేళ్లు పరిశోధన పక్కకి జరిగింది.

1960లో వాషింగ్టన్ దగ్గర ఒక బయోమెడికల్ పరిశోధన సంస్థలో చేరింది. హీమోగ్లోబిన్ మీద పనికి డబ్బు అడిగితే సర్కారు సంస్థ కాదంది. వేగంగా మారే ఈ రంగంతో ఆమెకు పరిచయం తప్పిందట!

నిజానికి ఆ రంగాన్ని ముందుకు నడిపింది ఆమే. ఒకే శుభలేఖ కాపీలు నాలుగు తీసుకుని, ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా చింపి, ముక్కలన్నీ కలిపేసి మళ్లీ అసలు లేఖ చదవమంటే ఎలా ఉంటుంది? ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాల వరస కనిపెట్టడం అలాంటిదే. చేత్తో చేస్తే నెలల పని. ముక్కల అంచులు కలిపి చూసి వరస తేల్చే ప్రోగ్రామును రాబర్ట్ లెడ్లీతో కలిసి 1962లో తయారుచేసింది.

1965లో అప్పటికి తెలిసిన 65 ప్రోటీన్ల వరసలతో అట్లాస్ అచ్చేయించింది. ఒక్కో అమైనో ఆమ్లానికి మూడేసి అక్షరాలు రాస్తే కార్డుల మీద చోటు చాలదని ఒకే అక్షరం పెట్టింది. ఫినైలలనిన్‌కు పలుకుబడిని బట్టి ఎఫ్. రెండు వలయాలున్న ట్రిప్టోఫాన్‌కు వెడల్పాటి డబ్ల్యూ. ఈనాటికీ బయోఇన్ఫర్మాటిక్స్ క్లాసులో చేరిన పిల్లలు దిద్దేది ఆ అక్షరాలే.

అయినా వివరాలు పోగేయడం కూడా ఒక పరిశోధనేనా అన్నవాళ్లున్నారు. పుస్తకాన్ని అమ్ముతోందని సణిగినవాళ్లూ ఉన్నారు. మరి అచ్చు ఖర్చు, జీతాలు ఎవరిస్తారు? 1980లో ఆ వివరాలను టెలిఫోన్ లైను ద్వారా కంప్యూటర్లకు అందించింది. 1982లో జీన్‌బ్యాంక్ కోసం సర్కారు ఒప్పందం మాత్రం వేరేవాళ్లకు వెళ్లింది. మర్నాటి ఏడు ఫిబ్రవరిలో గుండెపోటుతో 57 ఏళ్లకే కన్నుమూసింది.

అన్నట్టు పిల్లల సంగతి చెప్పలేదు కదూ! జుడిత్ గణిత జీవభౌతికంలో డాక్టరేట్ చేసింది. రూత్ డాక్టరైంది. మెడిసిన్ చదువుతుండగానే, ప్రోటీన్ల మధ్య చుట్టరికం ఎంత దగ్గరిదో కొలిచే కొత్త పద్ధతి మీద అమ్మతో కలిసి అట్లాస్‌లో ఒక అధ్యాయం రాసింది.