నిజాంసాగరమును నిర్మించిన ఇంజనీరు

నేటి కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డికి పడమటి దిక్కున, మంజీరా నదికి అడ్డముగా సుమారు 3 కిలోమీటర్ల పొడవున ఒక రాతికట్ట నిలిచియున్నది. దానిపై 14 అడుగుల వెడల్పుగల బాట కలదు. ఆ బాటపై నడచువారందరు నిజాము పేరెరుగుదురు. దానిని నిర్మించిన ఇంజనీరు పేరెరిగినవారు కొందరే. ఆయన నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు.

ఆయన అసలు పేరు మీర్ అహమ్మదలీ. 1877వ సంవత్సరము జులై 11న హైదరాబాదులో జన్మించిరి. నిజాం కళాశాలలో చదివి, 1896లో ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు వెళ్లి, కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చేరిరి. 1899లో తిరిగివచ్చి, సహాయ ఇంజనీరుగా ఉద్యోగమున ప్రవేశించిరి.

పట్టా చేతికి వచ్చినంతమాత్రమున నది చేతికి రాదు. వేసవిలో సన్నని పాయగా పారు నదియే వానకాలమున ఒడ్డులు మీరి పొంగును. ఎంత వానకు ఎంత వరద వచ్చునో, ఏ నేల నీటిని నిలుపునో, ఏ పునాది బరువునకు ఆగునో ఏండ్లతరబడి కొలతలు తీసి తెలిసికొనవలసినదే. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణములను బలిగొన్నది. లెక్కకు మించిన నీరు ఏమి చేయగలదో ఇంజనీర్లందరికి నాడు తెలిసివచ్చెను. నగరరక్షణకై విశ్వేశ్వరయ్యగారు సూచించిన జలాశయములలో ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను.

ఉద్యోగమున చేరిన 19 సంవత్సరములకు, అనగా 1918లో, అలీ నవాజ్ జంగ్ ముఖ్య ఇంజనీరైరి. ఎల్లారెడ్డి ప్రాంతముననే ఆలేరు వాగుపై పోచారము చెరువు 1922లో పూర్తియయ్యెను. చిన్న వాగు తరువాత పెద్ద నది! మరుసటి ఏడు 1923లో అచ్చంపేట, బంజెపల్లి గ్రామముల నడుమ నిజాంసాగరము పని ఆరంభమై, 1931లో ముగిసెను.

ఆ ఎనిమిదేండ్లును ఒక్కరి తెలివియే పనిచేసినదని తలపరాదు. రాతిని తట్టి చూచి, చీలిక ఎటు పోవునో చెప్పగల పనివానికి ఏ పట్టాయు లేదు. అయినను ఆ నేర్పు ఇంజనీరు నేర్పువలెనే ఏండ్ల అలవాటుచే వచ్చినది. అది లేనిదే కాగితముపై గీసిన కట్ట కాగితముపైననే ఉండిపోయెడిది.

జలాశయముకొరకు సుమారు 40 గ్రామములవారు ఇండ్లు విడిచి కదలవలసివచ్చెను. ఈ నష్టమును ఏ కొలబద్దయు కొలువజాలదు. కాలువల వెంట రెండుముక్కాలు లక్షల ఎకరములకు నీరందించుటకు ఏర్పాటు జరిగెను. చెరకు సాగు పెరిగి, బోధనులో 1937లో చక్కెర కర్మాగారము వెలసెను.

తరువాత అలీ నవాజ్ జంగ్ తుంగభద్ర ప్రణాళికకై పాటుపడిరి. జాతీయ ప్రణాళికా సంఘమువారి నీటిపారుదల ఉపసంఘమునకు అధ్యక్షులుగా నుండిరి. 1949 డిసెంబరు 6న కాలధర్మము చెందిరి. తెలంగాణములో ఆయన పుట్టినరోజును ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు.

అంతటి నిపుణునకును నది ఒక లెక్క మిగిల్చెను. ఎగువ నేలలనుండి కొట్టుకొనివచ్చిన పూడిక, అనుకొన్నదానికంటె మిక్కిలి వేగముగా జలాశయమును నింపెను. ఆదిలో దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టిన సాగరము కొన్ని దశాబ్దములలోనే అందులో సగమునకు పైగా కోల్పోయెను. తరువాతి ఇంజనీర్లు లోతులు కొలిచి, ద్వారముల ఎత్తు పెంచి, పోయిన నిలువలో కొంత తిరిగి సంపాదించిరి. నేడు అందు నిలుచునది 18 టి.ఎం.సి.లలోపే.