కోఠీ సౌధ నిర్మాత కిర్క్‌పాట్రిక్

మేడిపల్లి నుండి వరంగల్లు బాట వెంట పడమరగా వచ్చి, ఉప్పల్, అంబర్‌పేటలను దాటితే కోఠీ చేరుతాము. అక్కడి మహిళా విద్యాలయపు ఆవరణలో ఆరు మహాస్తంభాల ముఖమండపంతో ఒక సౌధమున్నది. ప్రాచీన గ్రీకు, రోమన్ వాస్తురీతులను పాఠ్యపుస్తకాల బొమ్మలలో మాత్రమే చూచిన మన విద్యార్థులకు, ఆ రీతులు కన్నులయెదుట నిలిచే చోటు అది. దానిని తలపెట్టినవాడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. అతని జీవితమెరుగనిదే ఆ స్తంభాల భావం పూర్తిగా బోధపడదు.

అతడు 1764లో మద్రాసులో జన్మించినాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి. బాల్యంలోనే ఇంగ్లండుకు పోయి, చదువు ముగించి, 1779లో కంపెనీ సైన్యంలో చేరుటకై తిరిగి వచ్చినాడు. హైదరాబాదులో రెసిడెంటుగా ఉండిన అన్న విలియమునకు సహాయకుడై, అన్న అస్వస్థుడై వెళ్లిన పిమ్మట 1798లో తానే రెసిడెంటు అయినాడు. ఆ యేడే నిజాం అలీఖానుతో సైన్యసహకార సంధి కుదిర్చి, నిజాం కొలువులోని ఫ్రెంచి నాయకుల దళాలను రక్తపాతం లేకుండ నిరాయుధం గావించినాడు. నాటి నుండి హైదరాబాదు రాజ్యతంత్రంలో కంపెనీ మాటకు ఎదురు లేకపోయినది.

ఇంతటి రాజనీతిజ్ఞుడు నిత్యజీవితంలో మాత్రం మొగలాయి దుస్తులు ధరించేవాడు. పారసీకం, హిందూస్తానీ ధారాళంగా మాట్లాడేవాడు. నిజాం అతనికి హష్మత్ జంగ్ అనే బిరుదమిచ్చినాడు. నగరంలోని గొప్ప వంశపు కన్య ఖైరున్నీసాను ముస్లిం సంప్రదాయానుసారంగా వివాహమాడినాడు. ఈ వార్త గవర్నరు జనరల్ వెల్లస్లీకి చేరి, విచారణలు జరిగినవి. ఉద్యోగమే పోవలసిన పరిస్థితి యేర్పడినా, అతడు భార్యను విడనాడలేదు.

మూసీనది ఉత్తరపు టొడ్డున రెసిడెన్సీకి కొత్త భవనం కట్టించవలెనని సంకల్పించినప్పుడు, ఆ మొగలాయి వేషధారి ఎన్నుకొన్నది మాత్రం రోమన్ దేవాలయపు రూపం. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ దాని రూపకర్త. 1803 ప్రాంతంలో పని ఆరంభమైనది. ధనం నిజాం ప్రభుత్వానిది, అధికారచిహ్నం కంపెనీది.

ఇచట గ్రీకు వాస్తువును గురించి కొంత చెప్పుకొనవలె. గ్రీకుల కట్టడానికి ప్రాణం స్తంభం. పీఠం, కాండం, శీర్షం అనేవి దాని అంగాలు. శీర్షాన్ని మన ఆలయ శిల్పుల బోదికతో పోల్చుకొనవచ్చును. శీర్షాన్ని బట్టి మూడు రీతులు ప్రసిద్ధములు. డోరిక్ స్తంభం దృఢమైనది, నిరాడంబరమైనది. ఏథెన్సులోని పార్థెనాన్ ఆలయం ఇందుకు నిదర్శనం. అయోనిక్ శీర్షానికి ఇరువైపుల సుడులు చుట్టిన వలయాలుంటవి. కొరింథియన్ శీర్షం నిండా అకాంథస్ అనే మొక్క ఆకులు విచ్చుకొని యుంటవి. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో రోమన్ శిల్పాచార్యుడు విట్రూవియస్ ఈ రీతులను వివరిస్తూ, మొదటిదానిని పురుషునితోను, రెండవదానిని స్త్రీతోను, మూడవదానిని కన్యకతోను పోల్చినాడు. కొరింథు నగరంలో అకాలమరణం పొందిన ఒక బాలిక సమాధిపై దాది ఉంచిన బుట్ట చుట్టూ అకాంథస్ ఆకులు అల్లుకొనగా, దానిని చూచిన శిల్పి ఆ శీర్షాన్ని కల్పించినాడని ఆయన చెప్పిన గాథ.

గ్రీకు ఆలయానికి నలువైపుల మెట్లుండేవి. రోమన్లు ఆలయాన్ని ఎత్తైన వేదికపై నిలిపి, ముందువైపున మాత్రమే మెట్లు కట్టినారు. చూచేవాడు తలయెత్తి చూడవలసినదే. ఎక్కేవాడు ఎదుటి నుండి ఎక్కవలసినదే. పదునారవ శతాబ్దంలో ఇటలీ శిల్పి పల్లాడియో ఈ ఆలయముఖాన్ని నివాసగృహాలకు తగిలించినాడు. ఇంగ్లండు ప్రభువులు దానిని అనుకరించినారు. అట్లు కోఠీకి వచ్చినవి కొరింథియన్ స్తంభాలు, వాటిపై పెడిమెంట్ అనే త్రికోణపు నుదురు, అందులో కంపెనీ రాజచిహ్నం, క్రింద సింహాలు కాపున్న మెట్ల వరుస. శిలాభాష నేర్చినవారికి ఇది అధికార ప్రకటన అని వేరుగ చెప్పనక్కరలేదు.

కాని ఆ ముఖమండపాన్ని ఖైరున్నీసా చూడలేదని ప్రతీతి. ఆమె వెనుకనున్న రంగమహలులో ఘోషాలో ఉండేది. ఆమె కొరకే సౌధపు చిన్న నమూనాను తోటలో కట్టించినాడని జనశ్రుతి. ఆ నమూనా నేటికీ కలదు. రంగమహలు మాత్రం 1860 ప్రాంతంలో నేలమట్టమైనది.

1805లో దంపతులు తమ యిద్దరు బిడ్డలను ఇంగ్లండుకు పంపినారు. కుమార్తె సాహెబ్ బేగంకు అప్పటికి మూడేండ్లు. ఓడ సాగిపోయిన కొద్ది వారాలకే, 1805 అక్టోబరు 15న, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూసినాడు. తన సౌధం పూర్తి కావడం అతడు చూడలేదు. ఖైరున్నీసా 1813లో మరణించినది; బిడ్డలను మరల చూడనేలేదు. కాథరీన్ అనే క్రైస్తవ నామంతో పెరిగిన ఆ కుమార్తె, ఎన్నో యేండ్లకు హైదరాబాదులోని అమ్మమ్మతో ఉత్తరాల ద్వారా కలుసుకొన్నది.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ల నాయకత్వాన ప్రజలు ఈ రెసిడెన్సీ పైకి దండెత్తినారు. ఆ స్తంభాలు ఏమి చెప్పుచున్నవో వారికి గ్రీకు శాస్త్రం చదువకుండానే తెలిసినది.

1947తో రెసిడెంట్ల కాలం ముగిసినది. 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల ఇచటికి వచ్చినది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైనది. పిదప తెలంగాణ రైతాంగ పోరాట వీరనారి చాకలి ఐలమ్మ పేరు పొందినది. ఒకనాడు ఇంటి యిల్లాలు కూడ ముందునుండి చూడ వీలులేని సౌధం అది. నేడది ఈ నేల ఆడపిల్లల విద్యాలయం. ఉపాధ్యాయులు విద్యార్థులను అక్కడికి తీసికొనిపోయి, స్తంభాల పేర్లతో పాటు ఈ కథను కూడ చెప్పవలెను. రాయిని చెక్కే రీతి గ్రీసుదైనా, ఆ రాయికి అర్థమిచ్చేది దాని నీడన బ్రతికిన మనుష్యులే.