ఒక్కో దోమకు ఒక్కో అణా: పాఠ్యపుస్తకంలో పేరు మిగిలిన రోనాల్డ్ రాస్ కథ



మొన్నటి పేరెంట్స్ మీటింగులో నంద్యాల బ్రాంచికి వచ్చిన ఒక తండ్రిగారు మమ్మల్ని సూటిగా ఒక మాట అడిగారు. మలేరియా పాఠం చెప్పిన వారం, ఇంట్లోనూ ఇంటి చుట్టూ నీళ్లు నిలిచిన చోట్లన్నీ చూసి రాసుకు రమ్మని పిల్లలకు చెప్పాం. వాళ్లబ్బాయి ఆదివారం పొద్దునంతా మిద్దె మీద, సంపు దగ్గర, కూలర్ వెనక నోట్సు పట్టుకుని తిరిగాడట. పరీక్షలో అడిగేది పరాన్నజీవి జీవిత చక్రం పటమే కదా, ఈ తిరుగుడుకు ఎన్ని మార్కులు వేస్తారని ఆయన అడిగారు. అంతటితో ఆగలేదు. పై తరగతుల్లో ప్రయోగాల న్యాయాన్యాయాల గురించి కూడా చర్చ పెడుతున్నారట, అది బయాలజీ క్లాసా, నీతి పాఠమా అని కూడా అడిగారు.

ఆయన అడగడంలో తప్పు లేదు. ఫీజు కడుతున్నారు, పిల్లవాడి సమయం ఎటు పోతోందో తెలుసుకోవడం వారి హక్కు. దానికి మా జవాబును ఒక మనిషి జీవితం ద్వారా చెప్పాలనుకుంటున్నాం. మీలో ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారికి రాస్ చక్రం గుర్తుండే ఉంటుంది. దోమ ఒంట్లో మలేరియా పరాన్నజీవి పెరిగే దశలన్నిటికీ కలిపి పెట్టిన పేరది. బాణాలతో సహా పటం గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ రాస్ ఎవరో, ఆ పని ఎక్కడ చేశాడో మాత్రం పరీక్షలో అడగరు. చేసింది లండన్‌లో కాదు. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో బస్సెక్కితే కర్నూలు మీదుగా చేరుకునే సికింద్రాబాదులో.

రెండోసారికి పాసైన డాక్టరు

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయాల దగ్గరి ఆల్మోరాలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం పిల్లవాణ్ని ఇంగ్లండుకు పంపారు. అతనికి కవిత్వం, సంగీతం, బొమ్మలు, లెక్కలు ఇష్టం. తండ్రికి మాత్రం కొడుకు డాక్టరు కావాలని పట్టుదల. చివరికి లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యవిద్యలో చేర్పించారు. ఈ కథ మన ఊళ్లోనూ విన్నట్టే ఉంది కదూ!

మనసు లేని చదువు కాబట్టి అందులో పెద్దగా మెరవలేదు. వైద్యవృత్తికి కావలసిన పరీక్షల్లో ఒకదాన్ని రెండో ప్రయత్నంలో గట్టెక్కాడు. మధ్యలో కొన్నాళ్లు ఓడలో డాక్టరుగా పనిచేశాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వచ్చాడు. అప్పటికి అతన్ని చూసి, ఇరవై ఏళ్లు తిరిగేసరికి నోబెల్ బహుమతి తెచ్చుకుంటాడని ఎవరూ అనుకుని ఉండరు.

మలుపు చాలా చిన్నది. 1883లో బెంగళూరులో ఉన్నప్పుడు అతని బంగళాలో దోమలు విపరీతంగా ఉండేవి. ఎక్కడి నుంచి వస్తున్నాయా అని వెతికితే కిటికీ దగ్గర నీళ్ల తొట్టి కనిపించింది. అందులో దోమ పిల్లలు లుకలుకలాడుతున్నాయి. తొట్టి బోర్లించాడు. దోమలు తగ్గాయి. దోమకూ మలేరియాకూ సంబంధం ఉందని అప్పటికి అతనికీ తెలియదు. నిలిచిన నీటికీ దోమకూ ఉన్న సంబంధాన్ని మాత్రం పుస్తకంలో చదవకముందే ఇంట్లో కళ్లారా చూశాడు. మీ అబ్బాయి ఆదివారం మిద్దె మీద చేసింది ఈ పనే.

చెడు గాలి కాదు, దోమ

ఆ రోజుల్లో చలిజ్వరం బురద నేలల నుంచి లేచే చెడు గాలి వల్ల వస్తుందని నమ్మేవారు. మలేరియా అనే మాటకు ఇటలీ భాషలో అర్థమే చెడు గాలి. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడు. అది ఒక మనిషి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతోందో తెలియలేదు. 1894లో రాస్ సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు ఆ పరాన్నజీవిని మైక్రోస్కోపులో చూపించి, దీని వెనక దోమ ఉండవచ్చన్న తన ఊహను చెప్పాడు. మరుసటి ఏడాది రాస్ ఆ ఊహను పట్టుకుని సికింద్రాబాదు వచ్చాడు.

మొదట దారి తప్పింది. దోమ నీళ్లలో పడి చచ్చిపోతే, ఆ నీళ్లు తాగినవారికి జ్వరం వస్తుందేమోనని మాన్సన్ అనుకున్నాడు. రాస్ అలాంటి నీళ్లను ఒప్పుకున్న కొందరు ఆరోగ్యవంతుల చేత తాగించి చూశాడు. ఒకరికి కొద్దిగా జ్వరం వచ్చింది. తర్వాతి ప్రయోగాల్లో అది రుజువు కాలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఆ తర్వాత రెండేళ్లపాటు బదిలీలు, కలరా డ్యూటీలు, దొరికిన సమయంలో దోమల కోతలు. మధ్యలో నీలగిరి వైపు వెళ్లినప్పుడు తనకే మలేరియా పట్టుకుంది. 1897 వేసవిలో మళ్లీ సికింద్రాబాదు చేరాడు. ఉక్కపోత. పంకా లాగిస్తే కోసి పెట్టిన దోమలు ఎగిరిపోతాయి కాబట్టి పంకా లేదు. నుదుటి చెమట పడి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. కోసిన దోమల్లో ఏమీ దొరకలేదు. కారణం తర్వాత తెలిసింది. అతను కోస్తూ వచ్చినవి మలేరియాను మోసే జాతి కాదు.

ఆగస్టు 16న ఆసుపత్రి సహాయకుడొకడు గోడ మీద వాలిన ఒక చిన్న దోమను చూపించాడు. అది తోక పైకెత్తి వాలి ఉంది, మిగతా దోమల్లా కాదు. ఆ రోజే, పనివాళ్లు పట్టి తెచ్చిన లార్వాల సీసాలోంచి రెక్కల మీద మచ్చలున్న దోమలు బయటికి వచ్చాయి. మన పుస్తకాల్లో అనాఫిలిస్ అని చదివే జాతి అదే. మలేరియాతో ఆసుపత్రిలో ఉన్న హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెర కింద పడుకోబెట్టి వాటి చేత కుట్టించారు. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు అతనికి ముట్టాయి.

నాలుగో రోజు, ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమల్లో ఒకదాన్ని కోసి కడుపు గోడను చూస్తుండగా, నల్లటి రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. ఆ రేణువులు మలేరియా రోగి రక్తంలో కనిపించేవే. మరునాడు ఇంకో దోమలో అవే కణాలు ఇంకాస్త పెద్దవిగా కనబడ్డాయి. అంటే పరాన్నజీవి దోమలో బతికి పెరుగుతోంది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరిపేది అందుకే.

వెంటనే రాజపుతానాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులే లేరు. 1898లో కలకత్తా చేరి, పక్షులకు వచ్చే మలేరియాను తీసుకుని పని కొనసాగించాడు. మొహమ్మద్ బక్స్ అనే సహాయకుడు దోమలను పెంచడంలో అతనికి కుడిభుజమయ్యాడు. జూలైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం చూశాడు. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యమైన పిచ్చుకలకు జబ్బు వచ్చింది. చక్రం పూర్తయింది. అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ బృందం మనుషుల మలేరియాలోనూ దీన్ని నిరూపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఘనత ఎవరిదన్న దాని మీద గ్రాస్సీతో తగవు మాత్రం చాలా ఏళ్లు సాగింది. రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశాడు.

పటంలో లేని మనిషి

ఇక తండ్రిగారి రెండో ప్రశ్న. రాస్ చక్రం పటంలో దోమ ఉంటుంది, పరాన్నజీవి ఉంటుంది. హుసేన్ ఖాన్ ఉండడు. ఈ కథ చెప్పాక మా తొమ్మిదో తరగతి పిల్లలను ఒకటే అడిగాం. అతనికి డబ్బులిచ్చి దోమల చేత కుట్టించడం న్యాయమేనా?

పిల్లలు రెండుగా చీలిపోయారు. కొందరు అన్యాయమన్నారు. పేదవాడికి, అందులోనూ తెల్లదొర ఆసుపత్రిలో పడుకున్నవాడికి, కాదనే ధైర్యం ఎక్కడిదన్నారు. ఇంకొందరు పాఠాన్ని పట్టుకుని జవాబు చెప్పారు. ఆ దోమలు సీసాలో లార్వాల నుంచి పెరిగినవి, అంతకుముందు ఎవరి రక్తమూ తాగలేదు కాబట్టి అతనికి కొత్త జబ్బు అంటే అవకాశం లేదు. అతను అప్పటికే రోగి. ఆ లెక్కన చూస్తే ఆరోగ్యవంతుల చేత దోమలు చచ్చిన నీళ్లు తాగించడమే ఎక్కువ తప్పు కదా అని ఒక అమ్మాయి అంది. ఈ తేడా పట్టుకోవాలంటే జీవిత చక్రం క్షుణ్ణంగా వచ్చి ఉండాలి. పటాన్ని బట్టీ పట్టినవారు దాన్ని గీయగలరు. అర్థం చేసుకున్నవారు దానితో వాదించగలరు.

ఇంకో సంగతి పిల్లలను కదిలించింది. గోడ మీద దోమను చూపించిన ఆ సహాయకుడి పేరు మరిచిపోయానని రాస్ తన ఆత్మకథలో తానే ఒప్పుకున్నాడు. మరిచినందుకు విచారమూ తెలిపాడు.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2009లో మన ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాను పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల అమ్మాయిలకు ఒక అధ్యయనంలో భాగంగా ఇచ్చారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు పిల్లల మరణాల తర్వాత 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. మరణాలకూ టీకాకూ సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. లోపం మరోచోట దొరికింది. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన అనుమతి పత్రాల మీద చాలా చోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. టీకా మంచిదే. దాన్ని ఇచ్చేముందు ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, సంతకం తీసుకోవడమూ అంతే ముఖ్యం. మీ పిల్లల్లో కొందరు రేపు డాక్టర్లవుతారు, పరిశోధకులవుతారు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆసుపత్రిలో ఒక కాగితం మీద సంతకం చేస్తారు. ఆ సంతకం విలువ ఎక్కడ నేర్చుకోవాలి? బయాలజీ క్లాసులో కాకపోతే ఇంకెక్కడ?

మన ఊరే ల్యాబ్

మీ భయం మాకు తెలుసు. నీట్ ముందుంది, సిలబస్ పెద్దది, టైము తక్కువ. అందుకే పాఠం ఏదీ తగ్గించలేదు, పటం గీయించడమూ మానలేదు. ఒక్కో పాఠానికి ఒక్క పీరియడ్ మాత్రం దీనికి పక్కన పెట్టాం. ప్రతి పాఠానికీ ఇది కుదరదనీ ఒప్పుకుంటున్నాం. కుదిరే పాఠాలు మాత్రం మన చుట్టూనే ఉన్నాయి. ఆళ్లగడ్డ శిల్పుల ఇళ్ల పిల్లలకు శ్వాసకోశాల పాఠాన్ని రాతి దుమ్ముతో మొదలుపెడితే ఇట్టే ఎక్కుతుంది. నంద్యాల చుట్టుపక్కల పత్తి, వరి రైతుల పిల్లలకు కీటకాల పాఠం పురుగుమందు డబ్బా మీది లేబులుతో మొదలవుతుంది. కేసీ కాలువ పక్కన పిల్లకాలువల్లో, మడుల్లో నిలిచిన నీళ్లు, ఇంటి మీది ట్యాంకులు, కూలర్లు ఇవన్నీ రాస్ పాఠానికి ల్యాబే.

ఈ నెల మీ ఇంట్లో ఒక పని చేయండి. గుడ్డు నుంచి దోమ కావడానికి మన ఎండల్లో సుమారు వారం, పది రోజులు చాలు. అందుకే ప్రభుత్వం శుక్రవారం డ్రై డే అంటోంది. శుక్రవారం సాయంత్రం మీ అమ్మాయినో అబ్బాయినో వెంటబెట్టుకుని డ్రమ్ములు, పూలకుండీల కింది పళ్లేలు, కూలర్ తొట్టి చూడండి. లార్వాలుంటే పారబోసేముందు ఒక్క నిమిషం గమనించమనండి. నీటి పైపొరకు సమానంగా పడుకుని ఉంటే అనాఫిలిస్ పిల్లలు. తలకిందులుగా ఏటవాలుగా వేలాడుతుంటే క్యూలెక్సో, డెంగీని మోసే ఏడిసో అయి ఉంటాయి. ఎందుకలా అని పిల్లలనే అడగండి. జవాబు వాళ్ల పుస్తకంలోనే ఉంది.

తర్వాత భోజనాల దగ్గర హుసేన్ ఖాన్ సంగతి అడగండి. అతని చోట మీ నాన్న ఉంటే ఒప్పుకునేవాడివా అని అడగండి. వాళ్లు చెప్పింది మీకు నచ్చకపోవచ్చు. వాదించండి. వచ్చే మీటింగులో ఆ వాదన మాకూ చెప్పండి. మమ్మల్ని ప్రశ్న అడిగిన ఆ తండ్రిగారికి ముందు వరుసలో కుర్చీ వేసి ఉంచుతాం.