భర్తృహరి జీవితము – మానవస్వభావ విచారము

పాఠశాలలో నేను భర్తృహరిని రెండు పర్యాయములు చదివితిని. పదియేండ్ల ప్రాయమున నీతిశతకమును వల్లెవేసితిని. యౌవనమున వేరొక గురువుగారి సన్నిధిని వాక్యపదీయ బ్రహ్మకాండము పాఠము ప్రారంభించితిని. సుభాషితములు చెప్పిన భర్తృహరియు, శబ్దతత్త్వమును నిరూపించిన భర్తృహరియు ఒక్కడేనా యని నేను అడుగలేదు, వారును చెప్పలేదు. నీతిశతకము ముగిసిన పిదప వైరాగ్యశతకము పాఠమయ్యెనే గాని, నడుమ నున్న శృంగారశతకమునకు పుటలు త్రిప్పివేయుటతో సరిపోయెను. మానవస్వభావమును శాస్త్రమునందును కావ్యమునందును వెదకినవాడు ఒక్కడే యైనచో, ఆ వెదకులాటకు ఆతని జీవితమే ప్రథమసాక్ష్యము కావలెనను తలపు నాకు నడివయసున గాని కలుగలేదు.

చీనాదేశపు భిక్షువు ఇత్సింగ్ 671లో స్వదేశము నుండి బయలుదేరి, నలందలో చిరకాలము చదివి, 691 ప్రాంతమున శ్రీవిజయమున నుండి తన వృత్తాంతమును వ్రాసెను. భారతీయుల వ్యాకరణాధ్యయనక్రమమును వివరించు సందర్భమున ఆతడు భర్తృహరిని పేర్కొని, గతించి నలువది యేండ్లైనదనెను. అనగా 651 ప్రాంతము. పండితులు దీనినే చిరకాలము ప్రమాణముగ గొనిరి. కాని బౌద్ధతార్కికుడగు దిఙ్నాగుడు తన త్రైకాల్యపరీక్షలో వాక్యపదీయకారికలను గ్రహించినట్లు, ఆ గ్రంథముయొక్క టిబెట్టు అనువాదము వలన 20వ శతాబ్దిలో తేలినది. దానితో భర్తృహరి కాలము 5వ శతాబ్దికి జరిగినది. జైనగ్రంథమగు నయచక్రమునకు సింహసూరి రచించిన వ్యాఖ్య వలన భర్తృహరి గురువు వసురాతుడని తెలియుచున్నది. తల్లిదండ్రులను గూర్చి, జన్మస్థలమును గూర్చి ప్రాచీనులు మౌనము వహించిరి.

తన గురుపరంపరను గూర్చి ఆయనయే వాక్యపదీయ ద్వితీయకాండాంతమున కొంత చెప్పెను. గంభీరమగు మహాభాష్యమును బైజి, సౌభవ, హర్యక్షులు శుష్కతర్కముతో చెరచిరట. వ్యాకరణాగమము శిష్యుల నోట నిలువక దాక్షిణాత్యుల యొద్ద గ్రంథరూపమున మాత్రమే మిగిలెనట. చంద్రాచార్యాదులు దానిని ఒక పర్వతము నుండి సంపాదించి మరల శాఖోపశాఖలుగ విస్తరింపజేసిరట. ఆ పర్వతము త్రిలింగదేశభాగమున నున్నదని పుణ్యరాజవ్యాఖ్య చెప్పుచున్నది. మన దేశనామము అచట వినబడుట మనకు ముచ్చటయే. అంతమాత్రమున భర్తృహరిని తెలుగువానిని చేయుట సాహసము.

ఆయన శాస్త్రమున మానవస్వభావమునకు మూలమైన పదము ప్రతిభ. అలంకారశాస్త్రమున ప్రతిభ కవికి చెందిన శక్తి. భర్తృహరికి అది సకలప్రాణిసామాన్యము. వసంతమున కోకిలకు స్వరము మార్చుకొమ్మని చెప్పువారు లేరు. సాలెపురుగునకు, పక్షికి గూడు కట్టుట నేర్పిన ఉపాధ్యాయుడు లేడు. ఆహారము, ప్రీతి, ద్వేషము, ఈదుట మున్నగునవి ఆయా జాతులకు ఉపదేశము లేకయే అబ్బుచున్నవి. అప్పుడే పుట్టిన శిశువు ఊపిరిని పైకెత్తుట, వాగింద్రియమును కదల్చుట సైతము పూర్వశబ్దవాసన లేనిదే పొసగదని ఆయన వాదము. ఈ ప్రతిభకు ఆరు హేతువులను చెప్పెను: స్వభావము, చరణము, అభ్యాసము, యోగము, అదృష్టము, విశిష్టుల అనుగ్రహము. కోతి కొమ్మనుండి కొమ్మకు దూకుట స్వభావము వలన. బావులు త్రవ్వువాడు నేలలోని నీటిజాడ నెరుగుట అభ్యాసము వలన. వ్యాసుని అనుగ్రహమున సంజయుడు యుద్ధమును చూచుట ఆరవదానికి ఉదాహరణము. ఈ ఆరింటిలో స్వభావము ఒకటి మాత్రమే యని గమనింపవలెను. పుట్టుకతో ఎట్టివాడో మనుష్యుడు కడవరకు అట్టివాడే యను వాదమునకు ఆయన చోటీయలేదు.

ఆయనదే మరియొక సిద్ధాంతము గలదు. లోకమున శబ్దముతో ముడివడని జ్ఞానము లేదు. మనకు ఎరుకపడిన దెల్ల మాటతో అల్లుకొనియే ఎరుకపడును. దీనిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక.

ఇక ఇత్సింగ్ చెప్పిన వృత్తాంతము. భర్తృహరి ఏడు మారులు భిక్షువై, ఏడు మారులు గృహస్థజీవనమునకు మరలెనట. ఒకనాడు విహారమున నుండగా మనస్సు సంసారమువైపు లాగెను. ఆతడు దొంగచాటుగ పోలేదు. ఒక విద్యార్థిని పిలిచి, వెలుపల బండి సిద్ధము చేయుమనెను. కారణమడుగగా, ఇది శీలవంతులు వసించుచోటనియు, తనలో రాగము ప్రబలినదనియు, అట్టి తాను నలుదెసల నుండి వచ్చిన భిక్షువుల నడుమ నుండరాదనియు చెప్పెను. పిమ్మట తెల్లని వస్త్రము ధరించి ఉపాసకుడై, ధర్మప్రచారమును మాత్రము మానక జీవించెనట. ఈ కథను చెప్పి నవ్వువారిని నేనెరుగుదును. ఏడుమారులు ఇల్లు చేరినవాడు ఏడుమారులు ఇల్లు వీడినవాడును గదా! బండి తెప్పించుకొనుటలో నున్న సత్యనిష్ఠ, లోపల కాలుచుండగా కాషాయము కప్పుకొని కూర్చుండుటలో లేదు. ఇత్సింగ్ కూడ ఆతనిని నిందింపలేదు. కర్మఫలమునందు గట్టి విశ్వాసము గలవాడు గాని అంతటి ప్రయత్నము చేయజాలడనెను.

ఐనను ఈ కథ వాక్యపదీయకర్తకు చెందునా? ఆ గ్రంథము వేదమును శిరసావహించినది; శబ్దతత్త్వమును బ్రహ్మమనినది. బౌద్ధభిక్షువు వ్రాసిన గ్రంథముగ అది నాకు తోపదు. కాలమును పొరబడిన ఇత్సింగ్ వ్యక్తినికూడ పొరబడియుండవచ్చును. కాని శృంగారవైరాగ్యములను రెండింటిని సమానమగు తీవ్రతతో పాడిన శతకముల కవికి ఈ కథ అతికినట్లు మరి యెవరికిని అతుకదు.

జనులు మాత్రము మరియొక కథను వరించిరి. ఆతడు ఉజ్జయినీప్రభువు, విక్రమార్కుని అన్న. తనకు లభించిన అమరఫలమును రాణికీయగా, అది ఆమె ప్రియునికి, ఆతని వలన ఒక వేశ్యకు చేరి, ఆమె దానిని రాజునకే కానుక చేసెను. రాజు రాజ్యము విడిచెను. ఉజ్జయినిలో శిప్రాతీరమున ఆయన పేరిట గుహలు కలవు. నాథసంప్రదాయమువారు ఆయనను గోరఖనాథుని శిష్యునిగ చేసికొనిరి. చరిత్రకారులు దీనిని అంగీకరింపరు. అంగీకరింప పనియు లేదు.

శతకములును ఆ జీవితమువలెనే పోగుపడినవి. కోశాంబి పండితుడు వందలకొలది వ్రాతప్రతులను పోల్చి 1948లో ప్రకటించిన పరిష్కరణమున, ఎల్ల సంప్రదాయములకు సామాన్యమైన శ్లోకములు సుమారు 200 మాత్రమే. పాశ్చాత్యులకు వీనిని మొదట తెలిపినవాడు ప్రళయకావేరిలో నుండిన డచ్చి మతబోధకుడు అబ్రహాం రోజర్. పద్మనాభుడను బ్రాహ్మణుడు అర్థము చెప్పగా ఆతడు వ్రాసికొన్న నీతివైరాగ్యములు 1651లో లైడెన్ నగరమున అచ్చైనవి. అందును శృంగారము లేదు. పద్మనాభుడును మా గురువుగారివలె పుటలు త్రిప్పివేసెను గాబోలు.

నీతిశతకమున మనుష్యులను నాలుగు తెగలుగ విభజించిన శ్లోకము ప్రసిద్ధము. తన పని చెడినను పరుల పని చక్కబెట్టువారు సత్పురుషులు. తన పనికి భంగము లేనంతవరకు పరులకు తోడ్పడువారు సామాన్యులు. తన లాభమునకై పరుల మేలు చెరచువారు మనుష్యరూపమున నున్న రాక్షసులు. ఏ లాభమును లేకయే పరుల మేలు చెరచువారు కలరు; వారెవరో తా మెరుగమని కవి ఆగిపోయెను. ఇది చమత్కారము కొరకు చేసినదని వ్యాఖ్యాతలు దాటిపోవుదురు. పేరు లేనిదే జ్ఞానము లేదన్న దార్శనికుడే ఈ కవి యైనచో, ఇది చమత్కారము కాదు. శాస్త్రకారుడు తన సిద్ధాంతమునకు ఎల్ల చూచి వెనుదిరిగిన చోటు. కన్నులయెదుట తిరుగుచున్న మనిషి, క్రియ స్పష్టము, ఫలము స్పష్టము, మాట మాత్రము దొరకలేదు. రాక్షసశబ్దము సైతము అప్పటికే మూడవవానికి వ్యయమైపోయినది. ఇద్దరు భర్తృహరులు ఒక్కరే యని తేల్చు ప్రమాణము నాయొద్ద లేదు. ఒక్కరే యని నేను నమ్ముటకు కారణము మాత్రము ఈ శ్లోకమే.

మన భాషలో ఈ శతకములను 17వ శతాబ్దిలో ఎలకూచి బాలసరస్వతియు, పిదప పుష్పగిరి తిమ్మనయు, 18వ శతాబ్దిలో ఏనుగు లక్ష్మణకవియు తెలిగించిరి. మూలమున కవి తా మెరుగమనగా, లక్ష్మణకవి అట్టివారిని ఎరుగుట ఎవరికైనను శక్యమా యని ప్రశ్నించెను. పేరు మాత్రము ఆయనయు పెట్టలేదు. ఈ పద్యము పాఠము చెప్పునపుడు మా గురువుగారు, నాలుగవవానికి మీరైనను పేరు పెట్టుడని మమ్మడిగెడివారు. పిల్లలము ఊరిలోని వారి పేర్లే చెప్పెడివారము. ఆయన నవ్వి, తరువాతి పద్యము చదువుమనెడివారు.